మూడో ప్రశ్న

గేటు దగ్గర నిలబడేవాళ్లు మూడు ప్రశ్నలు అడగాలి. మీ పేరు. ఎవరిని కలవాలి. ఎక్కడికి. శిక్షణ కేంద్రం గోడ మీద ఈ మూడూ నీలం రంగుతో రాసి ఉన్నాయి. పావని మొదటి రెండూ అడుగుతుంది. మూడోదాని దగ్గర ఆగిపోతుంది. ఎనభై ఎనిమిది రోజులుగా ఇదే జరుగుతోంది. శిక్షణ తొంభై రోజులు.

తొంభయ్యో రోజు శుక్రవారం, 2008 నవంబరు ఏడు. ఆ రోజు హైదరాబాద్ నుంచి సెక్యూరిటీ కంపెనీ ఆఫీసరు వచ్చి ఎంపిక చేస్తాడు. అదే రోజు మధ్యాహ్నం కురుమూర్తి మేస్త్రి డీసీఎం వ్యాను మట్టిపని కూలీలను ఎక్కించుకుని వనపర్తి మీదుగా పూణె పోతుంది. ఎంపికైతే పావని హైదరాబాద్ వెళ్తుంది. కాకపోతే డీసీఎం ఎక్కుతుంది. అందులో ఆమె తల్లి సాయమ్మ ఉంటుంది. మూడో దారి గురించి ఎవరూ మాట్లాడలేదు.

కేంద్రం వనపర్తిలో ఆత్మకూరు రోడ్డులో ఉంది. మునుపు పల్లీల నూనె మిల్లు. మిల్లు మూతపడ్డాక మిషన్లు అమ్మేశారు. వాసన ఉండిపోయింది. ఇనుప గేటు కూడా మిషన్లతో పాటే పోయింది. దాని చోట వెదురు బొంగు ఒకటి కట్టారు. ఒక చివర బరువుకు రాయి, ఇంకో చివర తాడు. ఆ బొంగు పక్కన ఒక కుర్చీ, కుర్చీ మీద ఒక రిజిస్టరు.

చేరిన రోజు ఇరవై ఆరు మందికీ ఒక ఫారం ఇచ్చారు. పైన 'ప్రమాదంలో ఉన్న యువత వివరాలు' అని అచ్చు వేసి ఉంది. వసంత అనే అమ్మాయి చెయ్యి ఎత్తింది. ఆమెది పెబ్బేరు దగ్గరి పల్లె.

"సార్, మాకేం ప్రమాదమైంది?"

"అయిందని కాదమ్మా. కావచ్చని" అన్నాడు ఫారాలు పంచుతున్న గుమాస్తా.

"ఎప్పుడైతది సార్?"

గుమాస్తా ఫారం వెనక్కి తిప్పి చూశాడు. అక్కడ ఆ వివరం లేదు.

పావనికి పద్దెనిమిదేళ్లు. కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డు పల్లె. ఏడో తరగతిలో బడి మానేసింది. నాలుగు సీజన్లు గద్వాల వైపు విత్తనపత్తి చేలల్లో మొగ్గలు ఒలిచింది, పూలకు పూలు రుద్దింది. రెండు సీజన్లు పూణెలో తల్లి తవ్విన మట్టిని మోసింది. మధ్యలో ప్రైవేటుగా పది కట్టి, రెండోసారికి పాసైంది. ఆమె చేసిన పనులన్నిటిలో నిలబడడమో వంగడమో ఉంది. గేటు కాపలాలో కుర్చీ ఉంది. ఈ శిక్షణకు ఎందుకు చేరావని మొదటి రోజు అడిగితే ఆమె ఆ కుర్చీనే చూపించింది.

శిక్షకుడు చెన్నయ్యది నాగర్‌కర్నూల్. సైన్యంలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా దిగాడు. అందులో పదకొండేళ్లు రేషన్ స్టోరులో. బియ్యం బస్తాల్ని కాయడం సరిహద్దును కాయడం కంటే కష్టమని ఆయన అభిప్రాయం. సరిహద్దులో శత్రువు ఒకవైపే ఉంటాడు.

"నేను లోపలికెల్లి బయటికి పోతున్న. నువ్వు గేటు కాడ ఉన్నవ్. అడుగు" అనేవాడు చెన్నయ్య. చంకలో సంచి పెట్టుకుని బొంగు దాకా నడిచి వచ్చేవాడు.

"సార్, మీ పేరు?"

"చెన్నయ్య."

"ఎవర్ని కలవనీకె వచ్చిండ్రు?"

"మేనేజరును. కలిసిన. పోతున్న. ఇగ అడుగు."

పావని నోరు తెరిచేది. ఆయన వైపు చూసేది. ఆయన చంకలో సంచి చూసేది.

"ఎందాక సార్?" అనేది చివరికి.

"ఎందాక గాదు. గోడ మీద ఏం రాసింది?"

"తెల్సు సార్."

"మరి అడుగు."

"మీరు సంచి పట్టుకొని ఉన్నరు సార్."

చెన్నయ్య సంచి కింద పెట్టేవాడు. అయినా ఆయన బయలుదేరిన మనిషే. పావని నోరు మూసుకునేది.

బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే పోయిన పని కాదు. అడిగించుకున్నవాళ్లు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. తప్పక తెలుసుకోవాలంటే 'ఎందాక' అనో, 'దూరమా' అనో అనాలి. అర్థం అదే. కానీ అది తగలదు.

పావని వాళ్లది చర్చికి పోయే కుటుంబం. పాస్టర్ ఇస్రాయేలు ఒక ఆదివారం శకునాల మీద గంటసేపు మాట్లాడాడు. అవి సాతాను పెట్టిన వలలని చెప్పాడు. మర్నాడు ఆయన మోపెడ్ స్టార్ట్ చేస్తుంటే పక్కింటి పిల్ల "యాడికి పాస్టరయ్యా" అంది. పాస్టర్ మోపెడ్‌కు స్టాండు వేసి, ఇంట్లోకి వెళ్లి, నీళ్లు తాగి వచ్చాడు. దాహమైందని చెప్పాడు.

పావని సంగతి వేరు. ఆమె ఒకసారి అడిగింది. అప్పుడు ఆమెకు పదేళ్లు. తండ్రి యోసేపు భుజాన మూట వేసుకుని గడప దాటుతుంటే "నాయనా, యాడికి?" అంది. యోసేపు పద్ధతి ప్రకారం కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, లేచి వెళ్లాడు. తిరిగి రాలేదు. మూడో ఏడు ఊరివాళ్లెవరో చూసి వచ్చి చెప్పారు. యోసేపు భివాండిలో పాన్ డబ్బా పెట్టాడు. అక్కడ ఇంకో ఆమె ఉంది. ఇద్దరు పిల్లలు.

ఊరు విచారించి తీర్పు చెప్పింది. తప్పు పావని నోటిది. ఆ పిల్ల అడగకపోతే వచ్చేటోడు అన్నారు. యోసేపును ఎవరూ ఏమీ అనలేదు. సాయమ్మ కూడా ఈ విషయం మీద ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ పనికి బయలుదేరేటప్పుడు ముందు పావనిని లోపలికి పొమ్మనేది.

ఈ సంగతి చెన్నయ్యకు వసంత చెప్పింది. ఆయన కొంతసేపు మీసం గోక్కుని, మార్గాలు వెతికాడు.

"హిందీల అడుగు. కిధర్ జానా హై. మన దేవుళ్లకు హిందీ ఎక్కడొస్తది?"

"మా మేస్త్రికి వస్తది సార్. పూణెల ఎవరో కిధర్ అంటె వాపస్ వచ్చి రూముల కూసున్నడు."

"ఇంగ్లీషుల అడుగు. వేర్ గోయింగ్."

పావని అడిగింది. రెండు రోజులు సాఫీగా నడిచింది. మూడో రోజు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ప్రశ్నలు తెలుగులోనే ఉండాలి, అపార్టుమెంటులో పనివాళ్లకు ఇంగ్లీషు రాదు అని.

వసంత ఇంకో వాదం తెచ్చింది. "మనం అడగొద్దనేది యాడికి అని. గోడ మీద రాసింది ఎక్కడికి అని. అది పుస్తకంల మాట. దానికి పవరు ఉండదు."

"ఉంటె?"

"ఉంటదో ఉండదో చూద్దాం పా."

మిల్లు ముందు రోడ్డు మీద సత్తెమ్మ అనే ముసలామె రోజూ బర్రెను మేపడానికి తోలుకుపోతుంది. వసంత బొంగు దగ్గర నిలబడి, బర్రెను చూస్తూ, స్పష్టంగా "ఎక్కడికి?" అంది.

బర్రె ఆగలేదు. సత్తెమ్మ ఆగింది.

"నన్ను అడిగినవా, దాన్ని అడిగినవా?"

"దాన్నే అవ్వా."

"దాన్ని అడిగితె నన్ను అడిగినట్టు గాదా? నేను లేకుంట అదొక్కతె పోతదా? నీ నోట్ల మన్ను వడ." సత్తెమ్మ బర్రెను మళ్లించి ఇంటికి తోలుకుపోయింది. అరగంట తర్వాత మళ్లీ వచ్చింది. బర్రెకు కూడా నీళ్లు తాగించానని చెప్పి వెళ్లింది.

"చూసినవా. పవరుంది" అంది పావని.

గురువారం సాయంత్రం కురుమూర్తి మేస్త్రి చెన్నయ్య సెల్లుకు ఫోను చేశాడు. పావనిని పిలిపించుకున్నాడు.

"పిల్లా, రేపు ఒంటిగంట లోపల మీ మిల్లు కాడికొస్తం. సెలెట్ అయినవా?"

"రేపు తెలుస్తది మామా."

"అయితె ఉండు. కాకుంటె సంచి సదురుకొని గేటు కాడ నిలవడు. మీ అమ్మకు జోడి నువ్వే. ఒంటి మనిషిని నేను తోలుకపోను, నీకు తెల్వంది గాదు."

మట్టిపనిలో మనుషుల్ని జోడీలుగా లెక్కిస్తారు. ఒకరు తవ్వాలి, ఒకరు మోయాలి. ఒంటరిగా వచ్చినవాళ్లకు ఏ పని చెప్పాలో మేస్త్రికి తెలియదు.

"అమ్మకియ్యి మామా."

"అమ్మ బియ్యం చెరుగుతుంది. నేను చెప్తలే." ఫోను పెట్టేశాడు.

శుక్రవారం పదిన్నరకు ఆఫీసరు భానుప్రకాశ్ కారు దిగాడు. నలభై ఏళ్లుంటాయి. కోస్తా యాస. చేతిలో అట్ట, అట్టకు కాగితాలు. పన్నెండు ఖాళీలు, అందులో ఆడపిల్లలకు మూడు అని చెప్పి పని మొదలుపెట్టాడు. ముందు ఎత్తు కొలిచాడు. తర్వాత పేరు, ఊరు రాయించాడు. తర్వాత తానే సందర్శకుడై సంచి పట్టుకుని గేటు దాకా నడిచాడు. ఇరవై ఆరు సార్లు నడిచాడు.

మిగతావాళ్లు అడిగారు. వసంత మూడు ప్రశ్నలూ ఒక్క ఊపిరిలో అడిగి, నాలుగోది కూడా కలిపింది. "తిన్నరా సార్?" భానుప్రకాశ్ నవ్వి మార్కు వేశాడు.

పావని వంతు వచ్చింది. పేరు అడిగింది. ఎవరిని కలవాలో అడిగింది. ఆయన బొంగు ముందు నిలబడి ఎదురుచూశాడు.

"ఎందాక సార్?"

"ఎందాక అంటే?"

"దూరమా సార్?"

"దూరమో దగ్గరో నీకెందుకమ్మా? ఎక్కడికి వెళ్తున్నానో అడగాలి కదా."

పావని గోడ వైపు చూసింది. అక్షరాలు నీలంగా ఉన్నాయి. చెన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు.

భానుప్రకాశ్ రెండు నిమిషాలు ఆగాడు. గడియారం చూసుకున్నాడు. "ఎత్తు ఉంది. రాత బాగుంది. రిజిస్టరు నీట్‌గా రాస్తావు. కానీ గేటు దగ్గర నోరుండాలమ్మా" అని కాగితం మీద సున్నా పెట్టాడు. భోజనం అయ్యాక లిస్టు మీద సంతకం చేస్తానన్నాడు.

అందరూ భోజనానికి లోపలికి వెళ్లారు. ఆ గంట గేటు డ్యూటీ పట్టిక ప్రకారం పావనిది.

"సార్, నేను పోయినట్టే గదా. డ్యూటీ ఎందుకు?" అంది చెన్నయ్యతో.

"సంతకం కాలే. అయ్యేదాకా డ్యూటీ డ్యూటీనే. కూసో."

పావని కుర్చీలో కూర్చుంది. అందులో అదే చివరిసారి అనుకుంది. పన్నెండు యాభైకి డీసీఎం వచ్చి బొంగు ముందు ఆగి హారన్ కొట్టింది. వెనక మూటలు, బిందెలు, గడ్డపారలు, వాటి మీద మనుషులు. డ్రైవరు పక్కన మేస్త్రి. మేస్త్రికి తెల్లచొక్కా, జేబులో రెండు సెల్‌ఫోన్లు.

"బొంగు లేపు పిల్లా. క్యాన్లల్ల నీళ్లు వట్టుకోవాలె."

"మీ పేరు?" అంది పావని.

మేస్త్రి డ్రైవరు వైపు చూశాడు. "నిన్ను ఎత్తుకొని తిప్పిన. నా పేరు నీకు తెల్వదా?"

"రిజిస్టరుకు తెల్వదు మామా."

"రాస్కో. కురుమూర్తి."

"ఎవర్ని కలవాలె?"

"నల్లాను."

పావని ఆ గడిలో 'నల్లా' అని రాసింది. బండి నెంబరు, మనుషుల సంఖ్య రాసింది. డ్రైవరు కాకుండా ముప్పై ఒకటి. తాడు వదిలింది. బొంగు లేచింది. బండి లోపలికి పోయేటప్పుడు సాయమ్మ ఆమెను చూసింది. ఏమైందని కళ్లతోనే అడిగింది. పావని తల అడ్డంగా ఊపింది. సాయమ్మ పక్కనున్న మూటను ఇంకొంచెం జరిపి, అక్కడ ఒక మనిషికి చోటు చేసింది.

క్యాన్లు నిండాయి. మేస్త్రి వచ్చి పావని ముందు నిలబడ్డాడు.

"కాలే గదా."

"సంతకం కాలే."

"సంతకమే కాలేదా, నువ్వు కాలేదా?"

"నేను కూడ కాలే."

"మరి ఇంకేంది? సంచి తెచ్చుకో. ఒంటిగంట పదికి కదలాలె. అయ్యగారు టైము వెట్టిచ్చిండు. అది దాటితె వర్జ్యం."

"డ్యూటీల ఉన్న మామా. ఇంకొకరు వచ్చేదాకా కుర్చీ ఇడువరాదు."

"కుర్చీ ఏం లేచి పోతదా?" మేస్త్రి వెనక్కి తిరిగి కేక వేశాడు. "ఓ రుక్కమ్మా, గీ పిల్ల సంచి ఏ రూముల ఉందో చూసి తేపో."

రుక్కమ్మ దిగి వెళ్లి సంచితో వచ్చింది. అది పావని సంచి కాదు, వసంతది. వసంత అన్నం తింటూ పరుగెత్తుకొచ్చి ఒక చివర పట్టుకుంది. రుక్కమ్మ రెండో చివర వదల్లేదు. అందులో నా బట్టలున్నయి అని ఈమె, నాకు చెప్పిన పని నేను చేస్తున్న అని ఆమె. చివరికి వసంత ఎడమచేత్తోనే సంచి లాక్కుంది. కుడిచేయి ఎంగిలి.

మేస్త్రి గడియారం చూశాడు. ఒకటీ ఎనిమిది. "సంచి లేకుంటె పాయె. పూణెల బట్టలు దొరకవా? ఎక్కు" అని, తాను ఎక్కి, డ్రైవరుకు సైగ చేశాడు. డ్రైవరుది రాయచూరు. పేరు ఎవరికీ తెలియదు, అందరూ రాయచూరు అనే పిలుస్తారు. అతను ఇంజను స్టార్ట్ చేసి బండిని బొంగు దాకా తెచ్చి ఆపాడు.

పావని కుర్చీ లోంచి లేచింది. బండి ఎక్కలేదు. రిజిస్టరు తీసింది. బయటికి పోయే వాహనాల పేజీలో నాలుగు గడులు ఉంటాయి. మూడు నింపింది. నాలుగో గడి పైన 'ఎక్కడికి' అని అచ్చు వేసి ఉంది.

"బొంగు లేపుతవా లేదా?" అన్నాడు మేస్త్రి కిటికీలోంచి.

"ఒక గడి ఉంది."

"ఏం గడి? లేపకుంటె ఏం జేస్తవ్? ఆపుతవా? గీ బొంగుతోనా?"

వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. సాయమ్మ నవ్వలేదు. ఆమె తన పక్కనున్న ఖాళీ మీద చెయ్యి వేసి కూర్చుంది.

పావని పెన్ను పట్టుకుంది. మేస్త్రి ముఖంలోకి చూసింది.

"యాడికి?" అంది.

గట్టిగా అనలేదు. ఇంజను మోతలో ముందున్నవాళ్లకే వినిపించింది. వెనకవాళ్లు ఏమన్నదని అడిగారు. ముందువాళ్లు చెప్పారు. చెప్పాలంటే ఆ మాటే అనాలి కాబట్టి బండిలో ఆ మాట ఐదారుసార్లు వినిపించింది.

"ఏనాయ్తు?" అన్నాడు డ్రైవరు. ఏమైందని. తర్వాత పావని అడిగింది అర్థమై, జవాబు చెప్పబోయాడు. "పూ..." అనేలోపు మేస్త్రి అతని నోటి మీద చెయ్యి పెట్టాడు. రెండో చేత్తో తాళం తిప్పి ఇంజను ఆపాడు.

ముందుగా ఒక ముసలాయన దిగి గోడ నీడకు పోయి కూర్చున్నాడు. ఆయన వెనక రుక్కమ్మ దిగింది. తర్వాత అందరూ దిగారు. క్యాన్లు దించారు. నీళ్లు తాగడం మొదలుపెట్టారు.

మేస్త్రి కిందికి దిగాడు. "టైము పాయె. వర్జ్యం వచ్చె. గా నోటికి ఏం రోగం నీకు? మీ నాయన్ని గిట్లనే పంపినవ్. ఇప్పుడు నా బండిని పట్టినవా?"

పావని పెన్ను మూత పెట్టింది. మళ్లీ తీసింది.

"మేస్త్రీ" అని బండి మీద నుంచి వినిపించింది. సాయమ్మ ఒక్కతే దిగలేదు. "ఆయన భివాండిల పాన్ డబ్బా వెట్టింది నా బిడ్డ అడిగినందుకా?"

మేస్త్రి జేబులో సెల్‌ఫోన్లు సర్దుకున్నాడు.

"ఇంకో ఆమెను తెచ్చుకున్నది గూడ అందుకేనా? పిల్లలు పుట్టింది గూడ? పోదామనుకున్నడు, పోయిండు. దానికి పదేండ్ల పిల్ల నోరెందుకు?"

"నేనేమన్న వదినా? ఊరోళ్లన్న మాటే అన్న."

"ఊరోళ్లు ఎనిమిదేండ్ల సంది అంటుండ్రు. నేను ఇయ్యాల అంటున్న."

గోడ నీడలో ఎవరో ఆడమనిషి అంది, "పాన్ డబ్బా మంచిదే గదా. నీడపట్టున పని." ఇద్దరు ముగ్గురు నవ్వారు. సాయమ్మ బండి దిగి, నీళ్లు తాగి, పావని పక్కన నిలబడింది. అడిగినందుకు తిట్టలేదు. అడిగావు గదా అని కూడా అనలేదు. ఆమె కొంగుతో పావని ముఖం మీద చెమట తుడిచింది. పావని డ్యూటీలో ఉన్నానని తల వెనక్కి తీసుకుంది.

ఇంజను మోత ఆగిపోవడంతో భానుప్రకాశ్ బయటికి వచ్చాడు. చేతికి పప్పన్నం అంటుకుని ఉంది. వెనక చెన్నయ్య. ఆఫీసరు బండిని చూశాడు, గోడ వెంట కూర్చున్నవాళ్లను చూశాడు.

"ఎవరు ఆపారు?"

"మన పిల్లే సార్" అన్నాడు చెన్నయ్య.

"ఒక్కతే?"

"ఒక్కతే సార్."

"ఎలా ఆపింది? బొంగు కూడా విరగలేదే."

"అడిగింది సార్."

"ఏమని?"

చెన్నయ్య సాయంత్రం బస్సుకు నాగర్‌కర్నూల్ పోవాలి. ఉదయమే సంచి సర్దుకున్నాడు. "మూడోది సార్" అన్నాడు.

భానుప్రకాశ్ చేయి కడుక్కుని వచ్చాడు. "సరే. ఆ మాట అంటే వీళ్లు ఆగారు. హైదరాబాద్‌లో ఎవడాగుతాడు? అక్కడ రోజుకు రెండొందల మందిని అడగాలి. ఒకసారి నన్ను అడగమనండి చూద్దాం. నోటికి అలవాటైందో, కోపంలో వచ్చిందో తేలాలి కదా" అన్నాడు. కారు తాళాలు చేతిలోకి తీసుకుని, సంచి భుజాన వేసుకుని, గేటు వైపు నడిచాడు. ఈసారి నటన కూడా కాదు. ఆయన పని అయిపోయింది, సంతకం పెట్టి వెళ్లడమే మిగిలింది.

గోడ నీడలో కూర్చున్నవాళ్లంతా చూస్తున్నారు.

"సార్, మీ పేరు?"

"భానుప్రకాశ్."

"ఎవర్ని కలిసిండ్రు?"

"చెన్నయ్యగారిని."

పావని ఒకసారి తల్లి వైపు చూసింది. సాయమ్మ లోపలికి పొమ్మనలేదు.

"ఎక్కడికి సార్?"

"హైదరాబాద్" అన్నాడు భానుప్రకాశ్. పావని రాసుకుంది. తాడు వదిలింది. బొంగు లేచింది. భానుప్రకాశ్ రెండడుగులు వేసి ఆగాడు. రోడ్డు వైపు చూశాడు. లారీ ఒకటి వేగంగా పోయింది. ఆయన వెనక్కి తిరిగి వచ్చి పావని కుర్చీలో కూర్చున్నాడు.

"ఎండగా ఉంది. కొంచెం మంచినీళ్లు" అన్నాడు.

మేస్త్రి స్వయంగా గ్లాసు తెచ్చి ఇచ్చాడు. "తాగుండ్రి సార్. మీరు గూడ మనోళ్లే."

నీళ్లు తాగాక భానుప్రకాశ్ కాగితాలు తీసి సున్నాను కొట్టేసి, పది వేశాడు. లిస్టులో ఆడపిల్లల మూడో పేరు మార్చాడు. ఆదివారం ఉదయం కంపెనీ బండి వచ్చి తీసుకెళ్తుంది, రెండు జతల బట్టలు, పది పాసైన కాగితం ఉండాలి అని చెప్పాడు.

"బూట్లు?" అంది పావని.

"కంపెనీ ఇస్తుంది."

మేస్త్రి తల పట్టుకున్నాడు. "మంచిదే సార్, పిల్ల బాగుపడితె మాకు సంతోషమే. మరి నాకు జోడి ఎట్ల? వదినా, నువ్వు దిగినట్టే ఇగ. ఒంటి మనిషిని తోలుకపోతే కంట్రాక్టరు నన్ను తిడతడు."

బండిలో సాయమ్మ మూట ఉంది. ఊళ్లో ఇంటికి తాళం వేసి వచ్చింది. తాళంచెవి కొంగున ఉంది. ఈ సీజను పనికి ఊళ్లో ఇంకో మేస్త్రి బండి లేదు. పావని లిస్టు వైపు చూసింది, తల్లి వైపు చూసింది. "సార్, నా పేరు..." అని మొదలుపెట్టింది.

"నోరు మూసుకో" అంది సాయమ్మ. "పది పడ్డది గదా. పడనీ."

అప్పుడు రుక్కమ్మ లేచి అటూ ఇటూ చూసింది. "మా మరిది యాడ?"

రుక్కమ్మ మరిది ఆమెకు జోడీ. నీళ్లు తాగే దగ్గర ఉన్నాడని ఒకరు, చెట్టుచాటుకు పోయాడని ఒకరు అన్నారు. మిల్లు వెనక గోడ ఒకచోట మోకాలెత్తుకు కూలి ఉంది. గోడ అవతల కల్లు కాంపౌండు. వసంత గోడెక్కి చూసి వచ్చింది. "ఉన్నడు. రెండో సీస తెరిచిండు. రమ్మంటె రేపు వస్తా అన్నడు."

"ఇంటి కాడ నాకు వాడితో గదే లొల్లి. పోనీ" అంది రుక్కమ్మ. తర్వాత సాయమ్మను చూసింది. "అక్కా, నువ్వు మోస్తవా, తవ్వుతవా?"

"తవ్వుత."

"నేను మోస్త. అయిపాయె."

"ఇద్దరు ఆడోళ్లు జోడి ఎట్లయితది?" అన్నాడు మేస్త్రి. "గడ్డపార పట్టెటోడేడి?"

"నేను, నా బిడ్డ మొగోళ్లమా? ఎనిమిదేండ్ల సంది గడ్డపార ఎవరు వట్టిండ్రు మేస్త్రీ?" అంది సాయమ్మ. "కొలతల నీకెప్పుడన్న తక్కువొచ్చిందా?"

మేస్త్రి ఆలోచించాడు. తక్కువ రాలేదు. పైగా వర్జ్యం ఎప్పుడు పోతుందో అయ్యగారికి ఫోను చేసి కనుక్కోవాలి. ఆ పని మీదికి పోయాడు. రెండూ నలభై ఐదుకు పోతుందని అయ్యగారు చెప్పాడు. రెండూ నలభై ఆరుకు అందరూ బండి ఎక్కారు.

సాయమ్మ చివరగా ఎక్కింది. ఎక్కేముందు కొంగు ముడి విప్పి తాళంచెవి పావని చేతిలో పెట్టింది. "ఆదివారం లోపల ఇంటికి పోయి కాగితం తెచ్చుకో. పెట్టెల అడుగున ఉంది. కోళ్లను జానకమ్మకు ఇచ్చిన, అడగకు, అవి ఇగ ఆమెవే."

"సరే."

"కుర్చీల కూసుంటె నిద్రొస్తది. జర చూసుకో."

"సరే అమ్మా."

డీసీఎం బొంగు దగ్గరికి వచ్చింది. ఈసారి పావని అడగలేదు. గడి అప్పటికే నింపి ఉంది. డ్రైవరు చెప్పబోయిన మొదటి అక్షరాన్ని బట్టి రాసింది. టైము దిద్దింది. మనుషుల్ని మళ్లీ లెక్కపెట్టి ఆ అంకె కూడా దిద్దింది. బొంగు లేపింది. బండి ఆత్మకూరు రోడ్డు ఎక్కి మక్తల్ వైపు తిరిగింది. సాయమ్మ వెనక చెక్క మీద చెయ్యి వేసి కూర్చుని, కనిపించినంత దూరం ఇటే చూసింది.

భానుప్రకాశ్ వెళ్లేముందు కేంద్రం రిజిస్టరును తనిఖీ చేయాలి. అది కూడా ఆయన పనే. వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

"లోపలికి ముప్పై ఒకటి. బయటికి ముప్పై. ఒకరు తగ్గారేంటమ్మా?"

"కల్లు కాంపౌండుకు పోయిండు సార్" అంది పావని.

"గేటు దాటి పోలేదుగా. మరి ఎలా వెళ్లాడు?"

"గోడ దూకి."

"గోడ దూకుతుంటే ఎవరూ ఆపలేదా?" భానుప్రకాశ్ చెన్నయ్య వైపు తిరిగాడు.

చెన్నయ్య అటెన్షన్‌లో నిలబడ్డాడు. "గేటు వరకే అయింది సార్ తొంభై రోజులల్ల. గోడలు సిలబస్‌ల లేవు."

భానుప్రకాశ్ రిజిస్టరు మూసి, లిస్టు మీద సంతకం పెట్టాడు.